వంతెన దాటని నవ్వు

ఏమీ లేదు. ఏమీ లేదు. కోపం. ఏమీ లేదు. అసహ్యం. మళ్ళీ ఏమీ లేదు.

పిన్నిగారి వేళ్ళు మీటల మీద వాటి దారిన అవి నడిచిపోతున్నాయి. తెర మీద ఒక మొహం వస్తుంది. నుదుటి నుంచి చొక్కా కాలరు వరకే. వెనక చెట్టుందో గోడుందో తెలియకుండా బూడిదరంగు పూసేసి ఉంటుంది. ఆ మొహంలో ఏ భావం కనిపిస్తే దాని మీట నొక్కాలి. నొక్కగానే ఇంకో మొహం. చెరువుకి గండి పడ్డట్టు వస్తూనే ఉంటాయి, మధ్యాహ్నం భోజనాల దాకా తెంపు లేదు.

మీటలు ఏడు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. ఏడోది ‘ఏమీ లేదు’. మిగతా ఆరింటి మీద అంటించిన కాగితాలు కొత్త పెళ్ళికూతుళ్ళలా నిగనిగలాడుతుంటే, ఏడోది మాత్రం అక్షరాలు అరిగిపోయి పేరు సార్థకం చేసుకుంది.

ఎవరో పరిశోధకులు అడవి బాటల్లోనూ నగరం వీధుల్లోనూ కెమెరాలు పెట్టారు. ‘ఇక్కడ మీ ఫొటో పడుతుంది’ అని పక్కన బోర్డులు కూడా పెట్టారు. మనిషి మొహం అడవిలో ఒకలాగా ఊళ్ళో ఒకలాగా ఉంటుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఏది ఎక్కడి మొహమో చెప్పేస్తే చూసేవాళ్ళ మనసు ముందే ఒక పక్కకి ఒరుగుతుందని, ఆ సంగతి మాత్రం ఈ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసంటే టైర్ల దుకాణం మీద ఒక పొడుగాటి గది. రోజంతా రబ్బరు వాసన. వరసగా బల్లలు, బల్లకో తెర, తెరకో మనిషి.

పిన్నిగారు యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది. కుర్చీలో వెనక్కి ఆనుకుంటే కాళ్ళు నేలకి అందవు కాబట్టి ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది, రైలు దిగాల్సినదానిలా. కళ్ళజోడుకి నల్లతాడు. అక్కడున్న వాళ్ళంతా ఆవిడ కంటే చిన్నవాళ్ళు కావడంతో అందరికీ పిన్ని అయిపోయింది. పక్క బల్ల అమ్మాయిని అందరూ చిలక అంటారు. ఎందుకో ఆ అమ్మాయి పక్కన అయిదు నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది.

“పిన్నీ, నీ మొహమే ఈ తెర మీదకి వస్తే నేను చూడకుండానే ఏడో మీట నొక్కేస్తాను,” అంది చిలక ఆ పొద్దున.

“నొక్కు. నాకూ పని తొందరగా అయిపోతుంది,” అంది పిన్నిగారు తెర మీంచి చూపు తిప్పకుండా.

చిలక అన్నదాంట్లో అబద్ధమేం లేదు. చిన్నప్పుడు ఎలా ఉండేదో గానీ, ఇన్నేళ్ళ అద్దె ఇళ్ళలో, ఇరుకు మెట్ల మీద, ఎవరి భుజం ఎవరికి తగులుతుందో తెలియని బస్సుల్లో ఆవిడ మొహం మూత బిగించిన సీసా అయిపోయింది. లోపల ఏమీ లేదని కాదు. ఒలికిపోకుండా అలా బిగించుకుంది.

ఏమీ లేదు. భయం. ఏమీ లేదు. సంతోషం.

ఆ సంతోషం నొక్కాక వేలు ఒక్క క్షణం ఆగింది. మామూలుగా వచ్చే సంతోషాలు చిన్నవి. పెదవి చివర కాస్త లేస్తుంది, అంతే. ఇది అలాంటిది కాదు. బుగ్గలు రెండూ పైకి ఎగదన్ని, కింది రెప్పలు ఉబ్బి, కళ్ళు సన్నటి గీతలైపోయి, నోరు బార్లా తెరుచుకుని లోపలి పళ్ళ దాకా కనిపించాయి. పై వరసలో ఒక పన్ను లేదు. ఆ ఖాళీ కూడా నవ్వుతున్నట్టే ఉంది. ‘అదృష్టవంతుడు, ఎవరో’ అనుకుని పిన్నిగారు తరవాతి మొహానికి వెళ్ళింది.

వెళ్ళింది కానీ, చెయ్యి ముందుకు పడలేదు.

కాలరు గుండీ. దాని మీద నీలం దారం.

ఒక మొహం వెనక్కి వెళ్ళే వీలుంది. వెళ్ళింది. ఖాకీ చొక్కా, తెల్ల గుండీ, నాలుగు కన్నాల మధ్య ముగ్గు పెట్టినట్టు అడ్డంగా నిలువుగా వేసిన కుట్టు. పోయిన నెల తెల్లదారం అయిపోతే, ‘కాలరు గుండీ ఎవడు చూస్తాడులే’ అని నీలం దారంతో తనే కుట్టింది. దారాన్ని పంటితో తెంపింది కూడా. ఆ చివర కొంచెం పొడుగ్గా మిగిలిపోయి ఫొటోలో పోగులా కనిపిస్తోంది.

పిన్నిగారు నెమ్మదిగా గుండీ మీంచి చూపు పైకి తీసుకెళ్ళింది. గడ్డం. కుడిచెవి తమ్మె మీద పుట్టుమచ్చ. ఊడిపోయిన పన్ను, అది ఊడిన రోజు ఉప్పునీళ్ళు కాచి ఇచ్చింది ఆవిడే.

ఆయనే. తన మొగుడే.

ఇరవై ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషిని పరాయివాడనుకుని మీట నొక్కి పంపించేసింది. దారం పోగును గుర్తుపట్టింది గానీ మనిషిని గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? ఆ మొహాన్ని ఎప్పుడైనా చూస్తే కదా!

ఆయన చెత్త లారీ డ్రైవరు. ఖచ్చితంగా చెప్పాలంటే ఆకుల లారీ. వీధుల్లో రాలిన ఆకులు ఊడ్చి కుప్పలు పెడితే ఎత్తుకుపోతాడు. ఆయన ఇంట్లో అడుగుపెడితే కొళాయి కట్టేసినట్టు మాటలన్నీ ఆగిపోతాయి. కోపిష్ఠి కాదు, తాగుబోతు కాదు. పెట్టింది తింటాడు, అడిగినదానికి ‘ఊఁ’ అంటాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, “మీకు నవ్వు రాదా?” అని అడిగింది. “ఈ ఊళ్ళో మొహం తెరుచుకుని తిరిగితే దుమ్ము పడుతుందే,” అన్నాడు. ఆ మాటకి ఆవిడే నవ్వింది. ఆ తరవాత ఆవిడా మూసుకుంది.

“ఏంటి పిన్నీ, ఒక్కడి దగ్గరే ఆగిపోయావ్? నచ్చాడా?” చిలక కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చేసింది.

“ఎవరిలా ఉన్నాడు?”

చిలక తెరకి మొహం ఆనించినంత పని చేసింది. “ఎవడో బాగా సుఖపడ్డ మనిషి. నవ్వు చూడు, కొట్టు తెరిచి దొంగలకి అప్పజెప్పినట్టు. ఎవరు?”

“మీ బాబాయి.”

“పో పిన్నీ!”

“గుండీ నేనే కుట్టాను.”

చిలక మళ్ళీ తెర మీదకి వంగింది. పిన్నిగారి క్యారేజీ ఇవ్వడానికి ఆయన ఎన్నిసార్లో ఆ మెట్లెక్కాడు, చిలక ఎన్నిసార్లో పలకరించింది. “బాబాయికి పళ్ళున్నాయా!” అంది. తరవాత గొంతు తగ్గించి, “మరి... ఇంత నవ్వు ఒంటరిగా నవ్వేది కాదు పిన్నీ. ఎదురుగా ఎవరో ఉండాలి,” అంది.

ఆ మాట పిన్నిగారి మనసులో అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. చిలక దానికి కుర్చీ వేసిందంతే.

ఇద్దరి గుసగుసలూ విని సూపర్‌వైజరు వచ్చాడు. గోడ గడియారం కంటే ఎక్కువగా మణికట్టు వైపే చూసుకునే కుర్రాడు. “ఏమైందండీ? తెలిసినవాళ్ళ ఫొటోయా? తెలిసినవాళ్ళయితే చెప్పెయ్యండి. లెక్కలోంచి తీసేసి, ఫొటో చెరిపేస్తాం. అది రూలు.”

“చెరిపేస్తారా?”

“అవునండీ.”

“తెలిసినాయన కాదు బాబూ,” అంది పిన్నిగారు. అబద్ధం ఆడుతున్నాననుకుంది. తీరా చూస్తే నిజమే చెప్పింది.

సూపర్‌వైజరు వెళ్ళాక చిలక తెర మీద వేలు పెట్టింది. “బుగ్గ మీద చూడు. పచ్చగా నీడ పడింది. ఇది చెట్ల కింద వెలుగు పిన్నీ, ఊళ్ళో వెలుగు కాదు. బాబాయి అడవికి ఎప్పుడెళ్తారు?”

“గురువారాలు. వారమంతా పోగైన ఆకులు అడవి అంచున ఎరువు దిబ్బలో పోసి వస్తారు.”

“ఇవాళ గురువారమేగా!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిన్నిగారు ఏ రోజూ మధ్యాహ్నం సెలవు అడిగిన మనిషి కాదు. జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంది. అందుకే ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని నిలబడేసరికి గదిలో తలలన్నీ తిరిగాయి. ఎవరున్నారో చూడాలి. ఎవరూ లేకపోతే ఆ నవ్వు చూడాలి. నేరుగా, తన కళ్ళతో, బూడిదరంగు పూత లేకుండా. ఇప్పుడు చూడకపోతే ఇక చూడలేననిపించింది. ఇంటికొచ్చాక అడిగితే ఏమంటాడో తెలుసు. ‘ఊఁ’ అంటాడు.

అడవికి వెళ్ళే బస్సు ఖాళీగానే దొరికింది. వెనక సీట్లో కూర్చుని అలవాటు కొద్దీ మొహాలు చూడటం మొదలెట్టింది. చిల్లర కోసం అందరినీ కసిరేస్తున్న కండక్టరు: కోపం. సంచి ఒళ్ళో పెట్టుకుని దాన్ని ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకున్న ముసలాయన: భయం. మిగిలినవాళ్ళు: ఏమీ లేదు. బస్సు మార్కెట్టు దాటింది, రంగుల ఫ్యాక్టరీ దాటింది, నది మీద వంతెన ఎక్కింది. అవతల ఒడ్డున చెట్లు మొదలయ్యాయి.

మొదట ముసలాయన పట్టు వదిలాడు. సంచి పక్క సీట్లో పెట్టి కాళ్ళు చాపాడు. నుదుటి ముడత ఒకటి, ఎవరో గుడ్డతో తుడిచినట్టు, పోయింది. కొంత దూరం పోయాక ముందు సీట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, అప్పటిదాకా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు, ఏదో గుర్తొచ్చి ఒకేసారి కిసుక్కున నవ్వారు. ఆఖరుకి కండక్టరు కూడా టికెట్ల సంచి మెడలోంచి తీసి, మెట్టు మీద నిలబడి గాలికి మొహం అప్పజెప్పి ఈల వేశాడు. గంట కిందట ‘చిల్లర లేకపోతే దిగు’ అన్న నోరే అది!

పిన్నిగారికి నమ్మబుద్ధి కాలేదు. ఇన్ని నెలలుగా ఎన్ని మొహాలు చూసిందో. ఒకే మనిషికి రెండు మొహాలుంటాయని, వాటి మధ్య ఒక వంతెన దూరమే ఉందని తట్టలేదు. కిటికీ అద్దంలో తన మొహం చూసుకుంది. అక్కడ ఇంకా మూత బిగించే ఉంది.

చివరి స్టాపులో దిగి, మట్టి బాట వెంట నడిచింది. ఎత్తైన చెట్లు, కింద పచ్చటి వెలుగు. ఎరువు దిబ్బ దగ్గర రేకుల గదిలో వాచ్‌మన్ కూర్చుని టీ తాగుతున్నాడు. గదికి అవతల ఆకుల లారీ నిలబడి ఉంది, వెనక తలుపు తెరిచి.

“లారీ ఆయన ఎక్కడ?”

“మీరెవరమ్మా? ఆఫీసా?” వాచ్‌మన్ కప్పు కింద పెట్టి లేచాడు. “ఉన్నాడమ్మా. ముఖ్యమైన పనిలో ఉన్నాడు. కాసేపు కూర్చోండి.”

“ఏం పని?”

వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక తల గోక్కున్నాడు. “అది మీకెలా చెప్పనమ్మా...”

ఎవరున్నారక్కడ? పిన్నిగారు ఆగలేదు. లారీ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది.

అవతల నిలువెత్తు కుప్ప. వారం రోజుల నగరమంతా అక్కడుంది. ఎర్రవి, పసుపువి, గోధుమరంగువి, బస్సు చక్రాల కింద నలిగినవి, ఎవరి గుమ్మం ముందో ఊడ్చినవి. కుప్పని ఆనుకుని మట్టి గట్టు, ఎదురుగా చెట్టుకి ఆ పరిశోధకుల కెమెరా, దాని కింద బోర్డు. గట్టు మీద ఒకే ఒక్క మనిషి. ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలు గాలికి నిక్కి ఉన్నాయి. ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. పరిగెత్తాడు. “ఓ...య్!” అని అడవి దద్దరిల్లేలా అరిచి, చేతులు చాపి, గాలిలోకి దూకేశాడు.

ఆకుల్లో మునిగిపోయాడు. ఒక్క క్షణం ఎవరూ లేరు. తరవాత ఆకులు కదిలి, మధ్యలోంచి ఆ మొహం లేచింది. తెర మీద చూసిన మొహమే. నెత్తి మీద పుల్లలు, చెవిలో ఆకు. బుగ్గలు ఎగదన్ని, కళ్ళు గీతలై, పన్ను లేని చోటుతో సహా నవ్వుతూ.

ఎదురుగా పిన్నిగారు కనిపించింది.

నవ్వు ఆగింది. ఆవిడ చూస్తుండగానే పెదవులు దగ్గరికొచ్చాయి, బుగ్గలు కిందికి దిగాయి, కనుబొమల మధ్య గీత మొలిచింది. కొట్టు మూసేస్తున్నాడు. ‘అయిపోయింది’ అనుకుంది పిన్నిగారు. చూద్దామని వచ్చి తనే దాన్ని ఆర్పేసింది.

కానీ మూత పూర్తిగా పడలేదు. ఆయన ఆవిడ మొహం వంక విచిత్రంగా చూస్తున్నాడు.

“ఇదేంటే, నీ నోరు!”

“ఏమైంది?”

“అంత తెరుచుకుంది! ఇన్నేళ్ళలో ఇంత తెరుచుకోవడం నేను చూడలేదు!” అని, కుప్ప మీద వెనక్కి పడి విరగబడి నవ్వాడు.

పిన్నిగారు చేత్తో తడుముకుని చూసుకుంది. నిజమే. నోరు తెరిచే ఉంది. కనుబొమలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. ఆరో మీట, ఆశ్చర్యం. తన మొహం మీద అంత పెద్ద ఆశ్చర్యం పడుతుందని ఆవిడకి కూడా తెలియదు.

“వారం వారం ఇదేనా పని?”

“ఇంకేం పనుంటుంది ఇక్కడ?”

“ఎవరూ లేరా?”

“ఎవరుంటారు? వాచ్‌మన్‌ని దూకమంటే నడుం నొప్పంటాడు.”

పిన్నిగారికి కోపం తన్నుకొచ్చింది. ఎదురుగా ఎవరో ఉంటే తిట్టుకుని ఉండేది. ఎవరూ లేకుండా, ఎండుటాకులకి ఇంత నవ్వు పోశాడు! “మరి ఇది ఇంటికెందుకు తేరు? నేనేం పాపం చేశాను?”

ఆయన నవ్వు తగ్గించాడు గానీ మొహం మూయలేదు. “తెద్దామనే బయల్దేరతానే. ప్రతి గురువారం. స్టీరింగు పట్టుకుని, ఇవాళ గుమ్మంలోకి నవ్వుతూ వెళ్ళాలి అనుకుంటాను. వంతెన దాకా ఉంటుంది. వంతెన ఎక్కగానే వెనక వాడు హారన్ కొడతాడు, పక్కవాడు తిడతాడు. దిగి చూసుకుంటే ఎక్కడ పడిపోయిందో కనబడదు.”

అంత పొడుగు మాట ఆయన నోట పెళ్ళయ్యాక వినలేదు.

“దూకు,” అన్నాడు.

“నాకేం పిచ్చా?”

“పిచ్చి లేకపోతే పని మానేసి ఇంత దూరం వస్తావా? దూకవే. మెత్తగానే ఉంటుంది. ఊరంతా ఉంది కింద.”

పిన్నిగారు చేతిసంచి గట్టు కింద పెట్టి, కళ్ళజోడు తీసి అందులో పెట్టి, చేతుల మీద పాకుతూ గట్టెక్కింది. వాచ్‌మన్ రేకుల గది మలుపులోంచి చూస్తున్నాడు. చూస్తే చూడనీ అనుకుంది. పరిగెత్తడం రాలేదు. అంచున నిలబడి కళ్ళు మూసుకుని, బస్సు దిగినట్టు ఒక కాలు ముందుకు వేసింది. నేల లేదు. ఆకులు గుప్పున లేచి చెవుల్లో, మెడలో, నోట్లో నిండాయి. కడుపులోంచి ఒక శబ్దం బయటికొచ్చింది. అది ఎవరి గొంతో మొదట అర్థం కాలేదు. ఆకులు ఉమ్మేస్తూ, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా నవ్వింది. పక్కన ఆయన డొక్కలు పట్టుకుని దొర్లుతున్నాడు.

“బస్తా పడ్డట్టు పడ్డావ్!”

“మీరు కోతిలా దూకారు!”

నవ్వి నవ్వి ఇద్దరూ పక్కపక్కన వెల్లకిలా పడుకున్నారు. పైన ఆకుల సందుల్లోంచి వెలుగు చిన్న చిన్న ముక్కలై పడుతోంది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, “హమ్మయ్య,” అన్నాడు. “ఇవాళ కొంచెం ఎక్కువైంది.”

పిన్నిగారు చెప్పడం మొదలెట్టింది. తెర మీద ఆయన మొహం రావడం, దారం పోగు చూసి గుర్తుపట్టడం. “ఊఁ,” అన్నాడాయన, గొంతులో ఇంకా నవ్వు ఉంది. చిలక ‘బాబాయికి పళ్ళున్నాయా’ అన్నదీ, చెరిపేస్తారని భయపడి తెలియదని చెప్పిందీ. “ఊఁ.” కండక్టరు ఈల సంగతి చెప్పింది. ముసలాయన సంచి సంగతి చెప్పింది. ఇన్నేళ్ళ మాటలూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చేస్తున్నాయి. ప్రతి గురువారం తనూ వస్తుందట. వెళ్ళేటప్పుడు లారీలో పక్కన కూర్చుని, వంతెన మీద హారన్ వినబడకుండా ఆయన చెవులు మూస్తుందట. ఒక్కసారైనా ఆ నవ్వుని గుమ్మం దాకా తీసుకెళ్ళాలట. “ఏమంటారు?”

ఆయన ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడకి కొత్త కాదు. మామూలు మనిషైపోయాడు అనుకుని, తను మాత్రం ఆపకుండా, పెళ్ళయిన కొత్తలో అద్దెకున్న గది గురించి, అక్కడి మంచానికి ఒక కాలు కుంటిది కావడం గురించి చెప్పి, ఒక్కతే మళ్ళీ నవ్వుకుంది.

కొమ్మ మీంచి చిన్న ఆకు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి ఆయన పెదవి మీద వాలింది. ఆవిడ చూస్తూ ఉంది, ఊదేస్తాడని. ఊదలేదు. ఆకు కదలను కూడా లేదు.

“ఏమండీ.”

పిన్నిగారు మోచేతి మీద లేచింది. బుగ్గలు ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు. కళ్ళ చివర గీతలు అలాగే ఉన్నాయి. ఆవిడ వేళ్ళు వాటంతట అవే ఆకుల మీద కదిలాయి, ఏదో మీట కోసం వెతుకుతున్నట్టు. ఆ మొహానికి మీట లేదు.

పిలిచింది. భుజం పట్టుకుని ఊపింది. ఊపితే ఆకులు మాత్రం గలగలమన్నాయి. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు, మోకాళ్ళ మీద కూలబడి ఛాతీ మీద చెవి ఆనించాడు, ఫోను తీసి అంబులెన్సుకి కబురు చేశాడు. “ఇప్పటిదాకా నవ్వుతున్నాడు కదమ్మా,” అన్నాడు, ఆవిడేదో పొరపాటు చేసినట్టు. “నేను విన్నాను కదా.”

“నేను చెబుతూనే ఉన్నాను,” అంది పిన్నిగారు. “మంచం సంగతి చెప్పాను. ఎంతవరకు విన్నారో.”

ఆవిడ కంట్లో నీరు లేదు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది, ఆయన చూసి నవ్వినప్పటిలాగే.

అంబులెన్సు మట్టి బాటలో ఎగిరెగిరిపడుతూ వచ్చింది. తెల్ల చొక్కాల మనుషులు ఇద్దరు ఆయన్ని చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, ఆకులు దులిపి ఎత్తి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. వాచ్‌మన్ చేతిసంచి తెచ్చి ఆవిడ భుజాన తగిలించాడు. అంబులెన్సు తలుపు దగ్గర పిన్నిగారు ఒకసారి వెనక్కి తిరిగింది.

కుప్ప మీద రెండు గుంటలు ఉన్నాయి, పక్కపక్కన, చేతులు చాపుకున్న ఇద్దరు మనుషుల ఆకారంలో. తను లేచి వచ్చిన గుంటలో నలిగిన ఆకులు ఒక్కొక్కటే చిటచిటమంటూ విచ్చుకుని పైకి లేస్తున్నాయి. రెండోది లోతుగా, ఇంకా అలాగే ఉంది.